బేస్‌బాల్ రోస్టర్ (జట్టు జాబితా) చదవడం, 4వ పాఠం: చుక్క తర్వాతవి రోజులు

పోయిన పాఠం చివర ఒకే ఒక్క లెక్క ఇచ్చాను. హువాన్ సోటో 2018 మే 20న అమెరికా బేస్‌బాల్ పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు, ఆ తర్వాత మళ్లీ కింది స్థాయి మైనర్ లీగులకు వెళ్లలేదు, మరి ఫ్రీ ఏజెంట్ (నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోగల ఆటగాడు) ఎప్పుడవుతాడు? మీ జవాబులన్నీ కూర్చుని చదివాను. ఎక్కువమంది 2023 సీజన్ అయ్యాక అన్నారు. 2018 నుంచి 2023 దాకా వేళ్లమీద లెక్కపెడితే ఆరు సీజన్లు వస్తాయి, ఆరేళ్ల సర్వీస్ (మేజర్ లీగ్ జట్టులో గడిపిన కాలం) ఉంటే చాలని నేనే చెప్పాను కాబట్టి అలా రాశారు. 2024 అని సరిగ్గా రాసినవాళ్లలో కూడా కొందరు 2023 చివరికి సోటో సర్వీస్ అయిన 5.134ని ‘ఐదేళ్ల నెలన్నర’ అని విడమరిచారు. జవాబు కుదిరింది, లెక్క కుదరలేదు. ఈసారి 2024లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఓడిన యాంకీస్ జట్టు ఆ చలికాలంలో ఎలా మారిందో మొత్తం చెబుదామనుకున్నాను. కానీ ఈ చుక్క సంగతి తేలకపోతే అదేమీ ఎక్కదు. అందుకే ముందు ఇది.

5.134లో ఉన్నది దశాంశ బిందువు కాదు. చుక్కకు ఎడమవైపున్నవి ఏళ్లు, కుడివైపున్నవి రోజులు. ఏడాది అంటే ఇక్కడ 365 రోజులు కాదు, 172. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 19.4 ఓవర్లు అంటే పందొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు, ఇంకా రెండు బంతులు మిగిలాయని చిన్నపిల్లలు కూడా చెబుతారు. 0.5 తర్వాత ఇంకో బంతి పడితే 0.6 అనం, 1.0 అంటాం. ఇక్కడా అంతే. 0.171 తర్వాత ఇంకో రోజు గడిస్తే 1.000. ఓవర్ల దగ్గర తడబడని మీరు ఇక్కడ ఎందుకు తడబడుతున్నారంటే, చుక్క తర్వాత మూడు అంకెలు కనబడగానే బడిలో నేర్చుకున్న దశాంశాలు గుర్తొస్తున్నాయి.

నా పద్ధతి ఒకటి చెబుతాను. నోటు పుస్తకంలో నేను చుక్క పెట్టను, అడ్డగీత పెడతాను: 5/134. రెండు నిలువు వరసలు, ఒకదాంట్లో ఏళ్లు, ఒకదాంట్లో రోజులు. రోజుల వరస 172కి చేరినా, దాటినా 172 తీసేసి ఏళ్ల వరసలో ఒకటి కలుపుతాను. 2/130 ఉన్న ఆటగాడు మరుసటి ఏడు 60 రోజులు పై జట్టులో ఉన్నాడనుకోండి. 130, 60 కలిపితే 190. 172 పోగా 18. అంటే 3/018. ఆ సున్నా వదిలేయకండి. 34 రోజులుంటే 034 అని రాయాలి. 34 అని రాసి, తర్వాత దాన్ని 340 అనుకుని లెక్కేసినవాళ్లు మీలోనే ఉన్నారు.

ఇప్పుడు సోటో. నెలల్లో ఏది ముప్పై, ఏది ముప్పై ఒకటి అని తేల్చడానికి నేనింకా పిడికిలి బిగించి కణుపుల మీదే లెక్కపెడతాను, అంతకంటే త్వరగా తెమిలే పద్ధతి నాకు దొరకలేదు. మే 20 నుంచి నెలాఖరు దాకా 12 రోజులు, ఆ 20వ తేదీతో కలిపి. జూన్ 30, జూలై 31, ఆగస్టు 31, సెప్టెంబర్ 30. మొత్తం 134. కాబట్టి 2018 ముగిసేసరికి 0/134. ఏడాది పూర్తవడానికి 38 రోజులు తక్కువ. ఆ తర్వాత ప్రతి సీజన్‌కూ ఒక్కో ఏడు. సీజన్ 186, 187 రోజులు నడిచినా ఒక ఆటగాడి ఖాతాలో 172కి మించి పడవు. 2020లో కోవిడ్ వల్ల 60 ఆటలే జరిగినా, పూర్తిగా ఉన్నవాళ్లకు ఏడాది మొత్తం ఇచ్చారు. అలా 2023 చివరికి 5/134, 2024 చివరికి 6/134. ఆ 38 రోజుల వల్ల ఒక పూర్తి ఏడాది వెనక్కి జరిగింది.

ముప్పై ఎనిమిది రోజులదేముంది, క్రిస్ బ్రయంట్‌కి ఒక్క రోజు తక్కువైంది. 2015లో షికాగో కబ్స్ అతన్ని ఏప్రిల్ 17న పైకి పిలిచింది. సీజన్ అయ్యేసరికి 171 రోజులు. దశాంశంలా చదివేవాళ్లకు 0.171 అంటే ఏడాదిలో ఐదోవంతు కూడా కాదు, నిజానికి అది ఒక్క రోజు తక్కువ ఏడాది. జట్టు కావాలనే ఆపిందని అతని తరఫున ఫిర్యాదు చేశారు. 2020లో తీర్పు జట్టువైపే వచ్చింది. 2020 సీజన్ తర్వాత రావాల్సిన స్వేచ్ఛ 2021 తర్వాత వచ్చింది. ఈ ఉదాహరణ చెప్పాక కూడా ఎవరైనా చుక్కను దశాంశంగా చదివితే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకొకరు అడిగారు: సోటో 2020 చివర 2/134 మాత్రమే కదా, మూడేళ్లు నిండకుండా ఆర్బిట్రేషన్‌కి (జీతం మీద జట్టుతో కుదరకపోతే మధ్యవర్తి తేల్చే పద్ధతికి) ఎలా వెళ్లాడని. రెండు, మూడేళ్ల మధ్య ఉన్నవాళ్లలో సర్వీస్ ఎక్కువున్న పై 22 శాతం మందికి ఒక ఏడు ముందే ఆ హక్కు వస్తుంది. అందుకే అతనికి మూడు బదులు నాలుగుసార్లు జీతం పెరిగింది. 2021లో 85 లక్షల డాలర్లతో మొదలై 2024లో 3.1 కోట్లకు చేరింది. దీనిమీద ఇంతకంటే అక్కర్లేదు.

ఇక యాంకీస్. 2024 అక్టోబర్ 30, వరల్డ్ సిరీస్ ఐదో ఆట. యాంకీస్ 5-0తో ముందుంది. ఐదో ఇన్నింగ్స్‌లో ఆరన్ జడ్జ్ చేతికొచ్చిన క్యాచ్ వదిలేశాడు, వోల్పీ మూడో బేస్‌కి విసిరిన బంతి తప్పింది, గెరిట్ కోల్ మొదటి బేస్ కాపాడటానికి పరుగెత్తలేదు. ఐదు పరుగులూ పోయాయి. చివరికి డాడ్జర్స్ 7-6తో ఆట, 4-1తో సిరీస్ గెలిచింది. మీలో చాలామంది మార్పుల జాబితా ఆ ఇన్నింగ్స్ నుంచే మొదలుపెట్టారు. జడ్జ్‌ని పంపించేయాలి, వోల్పీని మార్చాలి. దయచేసి అలా మొదలుపెట్టకండి. జడ్జ్ ఒప్పందం తొమ్మిదేళ్లు, 36 కోట్ల డాలర్లు, 2031 దాకా. వోల్పీ అప్పటికి 2/000, ఇంకా నాలుగేళ్లు జట్టు చేతిలోనే ఉంటాడు, జీతం తక్కువ. కోల్ ఒప్పందంలో మాత్రం 2024 తర్వాత బయటికెళ్లే హక్కు ఉంది, అతను దాన్ని వాడుకున్నాడు కూడా. తర్వాత అతనూ జట్టూ కూర్చుని, మిగిలిన నాలుగేళ్లు 14.4 కోట్ల పాత ఒప్పందానికే తిరిగొచ్చారు. వదిలేసిన క్యాచ్‌కీ వీటిలో దేనికీ సంబంధం లేదు.

ఇంకో మాట సరిదిద్దాలి. 2024లో సోటో ఆడింది యాంకీస్‌కే. ‘యాంకీస్ సోటోని వదిలేసింది’ అని రాశారు. మనకు ఆ మాట ఐపీఎల్ నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో ఆ ఆట ముగిసేసరికి మనకు అక్టోబర్ 31 ఉదయం. అదే రోజు ఐపీఎల్ జట్లు తాము ఉంచుకునేవాళ్ల పేర్లు ప్రకటించాయి. ఆ ఏడు మేలో చెన్నైలో కోల్‌కతా చేతిలో ఫైనల్ ఓడిన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐదుగురిని పెట్టుకుంది: క్లాసెన్ 23 కోట్ల రూపాయలు, కమిన్స్ 18, అభిషేక్ శర్మ, హెడ్ చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. భువనేశ్వర్ ఆ జాబితాలో లేడు. అక్కడ ‘వదిలేసింది’ అనొచ్చు, ఎందుకంటే ఎంచుకున్నది జట్టు. సోటో విషయంలో ఎంచుకున్నది సోటో. ఆరేళ్లు నిండాయి, తలుపు తెరుచుకుంది. యాంకీస్ పదహారేళ్లకు 76 కోట్ల డాలర్లు ఇస్తామంది, మెట్స్ పదిహేనేళ్లకు 76.5 కోట్లు ఇచ్చింది. యాంకీస్‌కి మిగిలింది, అతను కాదన్న 2 కోట్ల 10.5 లక్షల క్వాలిఫయింగ్ ఆఫర్ (వెళ్లబోయే ఆటగాడికి పాత జట్టు ఇవ్వజూపే ఒక ఏడాది ఒప్పందం) పుణ్యమా అని నాలుగో రౌండ్ తర్వాత ఒక డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకునే అవకాశం.

గడువు తీరి వెళ్లినవాళ్లలో గ్లేబర్ టోరెస్, క్లే హోమ్స్, వెర్డూగో కూడా ఉన్నారు. రిజ్జోది వేరు: 1.7 కోట్లిచ్చి ఇంకో ఏడు ఉంచుకునే అవకాశం జట్టుదే. జట్టు కాదని, 60 లక్షలిచ్చి పంపింది. ఇక్కడ మాత్రం ‘వదిలేసింది’ సరైన మాట.

పూడ్చడం డిసెంబర్‌లో రెండు వారాల్లో అయిపోయింది. మాక్స్ ఫ్రీడ్‌కి ఎనిమిదేళ్లు, 21.8 కోట్లు. షికాగో కబ్స్ నుంచి కోడీ బెలింజర్, బదులుగా ఒక్క పిచర్ (బంతి విసిరేవాడు) పొటీట్. అంత చవగ్గా ఎందుకంటే కబ్స్‌కి ఆ జీతం దించుకోవాలి, పైగా 50 లక్షలు వాళ్లే ఎదురిచ్చారు. పాల్ గోల్డ్‌ష్మిట్ ఒక ఏడాదికి 1.25 కోట్లు.

నాకు అన్నిటికంటే నచ్చేది డెవిన్ విలియమ్స్ మార్పిడి, దీన్ని మాత్రం నిదానంగా చూడండి. మిల్వాకీ బ్రూయర్స్ కూడా ఆ అక్టోబర్‌లో ఓడిన జట్టే. మెట్స్‌తో మూడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, బ్రూయర్స్ పిచర్ విలియమ్స్ బంతిని మెట్స్ ఆటగాడు పీట్ అలోన్సో మూడు పరుగుల హోమర్ (మైదానం దాటే దెబ్బ) కొట్టాడు. మూడు నెలలు తిరక్కుండా విలియమ్స్ యాంకీస్‌కి వెళ్లాడు. ఆ హోమర్ వల్లే పంపేశారని మీకు అనిపిస్తుంది. ఇప్పుడు పుస్తకం తీయండి. విలియమ్స్ ఐదేళ్లు దాటాడు, 2025 తర్వాత ఫ్రీ. యాంకీస్ ఇచ్చిన నెస్టర్ కోర్టెస్ కూడా ఐదేళ్లు దాటాడు, అతనూ 2025 తర్వాత ఫ్రీ. ఒక ఏడాదికి ఒక ఏడాది, చెల్లుకు చెల్లు. కోర్టెస్‌తోపాటు వెళ్లిన కేలెబ్ డర్బిన్ అప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క ఆట ఆడలేదు. 0/000. అంటే బ్రూయర్స్‌కి కనీసం ఆరేళ్లు దక్కాయి, 2025లో వాళ్ల మూడో బేస్ చూసుకున్నది ప్రధానంగా అతనే. అక్టోబర్‌లో పడ్డ హోమర్ లేకపోయినా ఈ మార్పిడి జరిగేదని నేను గట్టిగా నమ్ముతాను.

జీతాల పరిమితి గురించి ఒక్కమాట. ఐపీఎల్‌లో 2025 సీజన్ వేలానికి జట్టుకు 120 కోట్ల రూపాయలు, అది దాటడానికి వీల్లేదు. బేస్‌బాల్‌లో దాటొచ్చు, దాటితే పన్ను కట్టాలి. 2024లో ఆ గీత 23.7 కోట్ల డాలర్లు. లెక్కలోకి వచ్చేది ఆ ఏడు చేతికిచ్చే జీతం కాదు, మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చేది. సోటోది ఏడాదికి 5.1 కోట్లు, ఫ్రీడ్‌ది 2 కోట్ల 72.5 లక్షలు. ఇది మీకు వచ్చు కాబట్టి ఆగను.

అభ్యాసం. ఈసారి పెద్దదే ఇస్తున్నాను, ఒక ఆదివారం మొత్తం పడుతుంది. 2025లో యాంకీస్‌ని ఇంటికి పంపి, వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో 11 ఇన్నింగ్స్‌లు ఆడి డాడ్జర్స్ చేతిలో 5-4తో ఓడిన టొరంటో బ్లూ జేస్‌ని తీసుకోండి. ఆ సీజన్ చివరి 40 మంది పేర్లూ కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన ఏళ్లు, గీత, రోజులు. తర్వాత నాలుగు రంగుల పెన్సిళ్లతో గుర్తుపెట్టండి: గడువు తీరినవాళ్లు, ఒప్పందంలో ఏదో ఒక వైపు హక్కు ఉన్నవాళ్లు, ఆర్బిట్రేషన్‌లో ఉన్నవాళ్లు, మూడేళ్లలోపువాళ్లు. ఆ నాలుగు రంగులూ పూర్తయ్యేదాకా వార్తలు తెరవకండి.

అందులో రెండు పేర్లకు మాత్రం రోజులు మీ పిడికిలి మీదే లెక్కపెట్టి, దారి కూడా రాసి పంపండి. బో బిషెట్ 2019 జూలై 29న వచ్చాడు. వ్లాదిమిర్ గ్వెరెరో జూనియర్ అదే ఏడు ఏప్రిల్ 26న వచ్చాడు. ఆ సీజన్ సెప్టెంబర్ 29న ముగిసింది, ఇద్దరూ ఆ తర్వాత మైనర్ లీగులకు వెళ్లలేదనుకోండి. గ్వెరెరో ఆరేళ్లు నిండకముందే, 2025 ఏప్రిల్‌లో, పద్నాలుగేళ్లకు 50 కోట్లకు సంతకం చేశాడు. 2019లో అతన్ని ఇంకెన్ని రోజులు ముందు పిలిచి ఉంటే ఆ సంతకం నాటికే ఫ్రీ ఏజెంట్ అయ్యుండేవాడు?