పైరవీ కాని లాబీయింగ్: శాంతి కోసం చట్టసభ తలుపు తట్టడం క్వేకర్ల దగ్గర నేర్చుకున్నాను

లాబీయింగ్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది పైరవీ. ఎవరో కాంట్రాక్టరు మంత్రిగారి ఛాంబరు బయట గంటలు గంటలు కూర్చుని తన ఫైలు కదిలించుకోవడం. అమెరికాలో క్వేకర్లు కూడా ఎనభై ఏళ్ల పైనుంచి చట్టసభ సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు, కాకపోతే వాళ్ల చేతిలో ఉండే ఫైలు వాళ్లది కాదు. ఈ యుద్ధానికి అనుమతి ఇవ్వొద్దు, ఆ పాత చట్టం రద్దు చేయండి, ఆకలితో ఉన్నవాళ్లకి సాయం ఆపొద్దు అని అడుగుతారు. నేను క్వేకర్‌ని కాను. న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దావిడ ఓసారి తోడు రమ్మంటే వెళ్లాను, ఆ తర్వాత మానలేదు. మీరు అమెరికాలో ఉండి, టీవీలో బాంబులు పడుతుంటే చూసి మనవల్ల ఏమవుతుందిలే అని ఛానల్ మార్చేసే స్థితిలో ఉంటే, ఇది మీకోసమే రాస్తున్నాను.

ముందు వీళ్లెవరో కాస్త తెలియాలి. 1650ల ఇంగ్లండ్‌లో మొదలైన క్రైస్తవ శాఖ ఇది, ఒకరినొకరు ఫ్రెండ్స్ అని పిలుచుకుంటారు, ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందని నమ్ముతారు కాబట్టి మనిషిని చంపడం వాళ్ల లెక్కలో కుదరని పని. 1790లోనే బానిసల వ్యాపారం ఆపమని అమెరికా కాంగ్రెస్‌కి అర్జీ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1943లో, ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో కూడి ఫ్రెండ్స్ కమిటీ ఆన్ నేషనల్ లెజిస్లేషన్ అనే సంస్థ పెట్టుకున్నారు. ఇప్పుడు దాని ఆఫీసు వాషింగ్టన్‌లో సెనేట్ భవనాల పక్కనే ఉంది. ఏ పార్టీకీ కొమ్ముకాయరు, ఏ అభ్యర్థికీ డబ్బు ఇవ్వరు. ఏయే అంశాల మీద పనిచేయాలో దేశమంతా ఉన్న క్వేకర్ సమావేశాలను అడిగి తేల్చుకుంటారు. నిర్ణయాలకి ఓటింగ్ ఉండదు, అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా కూర్చుంటారు. వాళ్లతో కలిసి వెళ్లడానికి మీరు క్వేకర్ కానక్కర్లేదు.

మొదటి పని, అడగాల్సింది ఒక్కటే ఎంచుకోండి. నా ఉద్దేశంలో సగం మంది ఇక్కడే తప్పుతారు. "శాంతికి మద్దతివ్వండి" అంటే ఎవరైనా తలూపుతారు, అక్కడితో అయిపోతుంది. "ఫలానా నంబరు బిల్లుకి మీ సభ్యుడు కో-స్పాన్సర్‌గా, అంటే బిల్లు పెట్టినవాళ్లతో పాటు మద్దతుదారుగా, పేరు ఇస్తారా?" అని అడిగితే అవుననో కాదనో చెప్పాలి, చెప్పింది చేశారో లేదో మీరు కాంగ్రెస్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. మేము మొదట పట్టుకున్నది ఇరాక్ మీద యుద్ధానికి కాంగ్రెస్ అధ్యక్షుడికి 1991లో, 2002లో ఇచ్చిన అనుమతి చట్టాల రద్దు. యుద్ధాలు ముగిసినా చట్టాలు బతికే ఉన్నాయి, 2020 జనవరిలో బాగ్దాద్‌లో ఇరాన్ జనరల్ సులేమానీని చంపినప్పుడు ప్రభుత్వం ఆ 2002 చట్టాన్నే ఆధారంగా చూపించింది.

తర్వాత ఎవర్ని కలవాలి. మీకు ఒక ప్రతినిధి, ఇద్దరు సెనేటర్లు ఉంటారు, జిప్ కోడ్ కొడితే పేర్లు వచ్చేస్తాయి. ఆఫీసుకి ఫోన్ చేసి విదేశాంగ వ్యవహారాలు చూసే స్టాఫర్ ఎవరో అడిగి, రెండు మూడు వారాల ముందే ఈమెయిల్‌లో అపాయింట్‌మెంట్ అడగండి. చాలాసార్లు సభ్యుడు దొరకరు, పాతికేళ్ల కుర్రాడో అమ్మాయో వస్తారు. చిన్నపిల్లలు కదా అని నిరాశపడొద్దు. బిల్లు చదివేది, సభ్యుడికి ఒక పేజీ రాసిచ్చేది వాళ్లే.

ఓటు లేదే అని సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. గ్రీన్‌కార్డు మీదున్నా, హెచ్‌-1బి మీదున్నా మీరు ఆ నియోజకవర్గంలో నివాసితులే, సీట్లు పంచే జనాభా లెక్కల్లో మీరూ ఉంటారు, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కుని రాజ్యాంగంలోని మొదటి సవరణ పౌరులకి మాత్రమే అని రాయలేదు. అయినా వీసా గురించి టెన్షన్ ఉంటే మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పౌరసత్వం ఉన్న స్నేహితులకి కాగితాలు తయారుచేసి ఇవ్వండి, అదీ పనే.

నలుగురైదుగురు వెళ్లండి, మాటలు ముందే పంచుకోండి. ఎవరు పరిచయం చేస్తారు, ఎవరు అడుగుతారు, ఎవరు తమ కథ చెప్తారు, ఎవరు నోట్సు రాస్తారు అనేది లోపలికెళ్లాక తేల్చుకుందాం అంటే ఒకరే మాట్లాడేస్తారు. మేము ప్రతినిధుల సభ సభ్యుల ఆఫీసులుండే లాంగ్‌వర్త్ భవనం కెఫెటేరియాలో ఒకసారి రిహార్సల్ చేసుకున్నాం. అది అయ్యాక పక్కింటావిడ చేతికర్ర టేబుల్‌కి ఆనించి కళ్లు మూసుకున్నారు, మిగతావాళ్లూ మూసుకున్నారు. చుట్టూ ట్రేల చప్పుడు, ఎవరివో ఫోన్లు, మా కాఫీలు చల్లారిపోతున్నాయి. మూడు నిమిషాలు అలాగే కూర్చున్నాం. లేచేసరికి నా గుండెలో దడ తగ్గింది, ఎదుటివాణ్ణి ఓడించాలన్న కసి కూడా తగ్గింది, అది ఇంకా ముఖ్యం.

లోపల మీకు దొరికేది పదిహేను ఇరవై నిమిషాలు. కూర్చోగానే ఆ సభ్యుడు చేసిన ఏదో ఒక మంచి పనికి థాంక్స్ చెప్పండి, నిజమైన పని, ముందే వెతికి పెట్టుకున్నది. వెంటనే అడగాల్సింది అడిగేయండి, చివరికి ఉంచితే టైమ్ అయిపోతుంది. ఆ తర్వాత కథ. మాకు ఆ రోజు గది దొరక్క వరండాలోనే నిలబడి మాట్లాడాం. నేను మా మేనమామ గురించి చెప్పాను. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి డ్రైవరుగా పనిచేసేవాడు, 1990 ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చాక ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయుల్ని తెచ్చిన ఆ ఎయిరిండియా విమానాల్లో ఒకదానిలో బొంబాయిలో దిగాడు. ఒంటి మీది చొక్కా, పాస్‌పోర్టు తప్ప ఏమీ మిగల్లేదు. నోట్సు రాసుకుంటున్న స్టాఫర్ పెన్ను ఆపి, "మరి ఆ 1991 యుద్ధమే కదా కువైట్‌ని విడిపించింది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేను, అది ముగిసి ముప్పై ఏళ్లయింది, మా మామయ్యకి మనవలు పుట్టారు, ఆ అనుమతి మాత్రం ఎవరు అధ్యక్షుడైతే వాళ్ల చేతిలో ఇంకా ఉంది, ఇప్పుడు మళ్లీ యుద్ధం కావాలంటే మళ్లీ సభలో చర్చించి ఓటు వేయమనండి అన్నాను. అది రాసుకున్నాడు.

వాదన పెరిగితే గెలవాలని చూడకండి. వాళ్ల ఇబ్బంది ఏమిటో అడగండి, శ్రద్ధగా వినండి, వచ్చేసారి దేనికి జవాబు తెచ్చుకోవాలో అక్కడే తెలుస్తుంది. తెలియని ప్రశ్న వస్తే కనుక్కుని రాస్తాం అనండి, ఊహించి చెప్పొద్దు, ఒక్క తప్పు అంకె దొరికినా మీ మిగతా మాటలు నమ్మరు. ఎన్నికల విరాళం ఊసు ఎత్తకండి. స్వీట్ బాక్స్ పట్టుకెళ్లాలని మనకి అనిపిస్తుంది, వద్దు, బహుమతుల మీద అక్కడ రూల్స్ గట్టివి. ఒక పేజీ కాగితం చాలు, బిల్లు నంబరు, అడిగిన మాట, మీ ఊరు, మీ ఫోను.

బయటికొచ్చాక ఆ రోజే థాంక్స్ మెయిల్ పంపండి, అందులో అడిగింది మళ్లీ ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత మీ ఊరి పేపర్‌కి సంపాదకుడి పేర లేఖ రాసి అందులో సభ్యుడి పేరు తప్పకుండా పెట్టండి, తమ పేరు ఎక్కడ అచ్చయినా ఆ ఆఫీసుల్లో గమనిస్తారు. మూడు నాలుగు నెలలకి మళ్లీ వెళ్లండి. స్టాఫర్ మారిపోయి ఉంటాడు, మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది, విసుక్కోవద్దు. 2002 చట్టం రద్దుకి 2021 జూన్‌లో ప్రతినిధుల సభ 268-161తో ఒప్పుకుంది, 2023 మార్చిలో సెనేట్ 1991 చట్టాన్నీ కలిపి 66-30తో ఒప్పుకుంది, అయినా రెండుసార్లూ అవతలి సభలో ఆగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో రక్షణ శాఖ బిల్లులో కలిసి రెండు చట్టాలూ రద్దయ్యాయి. అన్నేళ్లూ తిరిగిన వేలమందిలో మేం ఐదుగురం. ఆ వార్త చెప్తే మా మామయ్య ఫోనులో కాసేపు మాట్లాడలేదు.

2001లో సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఇచ్చిన యుద్ధ అనుమతి మాత్రం ఇంకా అమల్లో ఉంది, ప్రతినిధుల సభలో 420 మంది ఔనంటే కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ ఒక్కరే కాదన్న చట్టం అది. మా తర్వాతి కాగితం దాని మీదే. వాషింగ్టన్ దాకా వెళ్లే వీలు లేకపోతే ఆగస్టు సెలవుల్లో సభ్యులు సొంత నియోజకవర్గాలకి వస్తారు, అక్కడి ఆఫీసులో అడగండి. అదీ కుదరకపోతే కాంగ్రెస్ ఆఫీసులకి ఫోను కలిపే కాపిటల్ స్విచ్‌బోర్డు ఉంది, 202-224-3121. ఆపరేటర్‌కి మీ సెనేటర్ పేరు చెప్పండి, కలుపుతారు.