ఉలి ఎంచుకోవడం, పదును పట్టడం, వాడడం ఎలా?

కొత్త ఉలిని కొట్టులోంచి తెచ్చి నేరుగా చెక్క మీద పెడితే అది కోయదు, నలుపుతుంది. ఫ్యాక్టరీలో దానికి వాలు చెక్కి పంపుతారు, అంతే. పదును కొన్నవాళ్లే పెట్టుకోవాలి. సరదాకి వడ్రంగం మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే విసిగిపోయి, తమకు చేయి తిరగదని పనిముట్లు అటక మీద పడేస్తారు. అందుకే కొనడం గురించి కొంచెం, పదును గురించి ఎక్కువగా చెబుతున్నాం.

ఏం కొనాలి?

పన్నెండు ఉలుల సెట్టు వద్దు. 6, 12, 25 మిల్లీమీటర్ల వెడల్పువి మూడు చాలు. పక్కలు కూడా వాలుగా చెక్కిన రకమైతే మూలల్లోకి దూరుతుంది. వీటితోపాటు ఐదో నంబరు ఇనుప చిత్రిక (సుమారు 14 అంగుళాల పొడవు), సన్నపళ్ల రంపం ఒకటి, 6 అంగుళాల మూలమట్టం, కొయ్య సుత్తి. కొయ్య సుత్తికి తుమ్మ చేవను మించింది లేదు.

కొట్టులోనే ఉలి వీపు మీద, అంటే వాలు లేని వైపు, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. నడుమ సన్నగా వెలుతురు కనిపిస్తే ఫర్వాలేదు, కొద్దిపాటి గుంటను సరిచేయొచ్చు. స్కేలు నడుమ ఆనుకుని రెండు కొసల్లో ఊగుతుంటే మాత్రం ఆ ఉలి వద్దు. ఉబ్బును అరగదీయబోతే ఉలి దాని మీదే ఊగుతుంది, ఎంతసేపు రుద్దినా చదును రాదు. పిడి, ఉలి ఒకే గీతలో ఉన్నాయా, పిడికి వేసిన పొన్ను (లోహపు కట్టు) కదులుతోందా అన్నది కూడా చూసుకోండి.

పాత ఇనుము కొట్లలో దొరికే ఉలులు చవక, చాలావాటిలో ఉక్కు మంచిది. పైపై తుప్పుకు భయపడక్కర్లేదు. వీపు మీద, అంచుకు అంగుళం లోపు తుప్పు గుంటలు ఉంటే మాత్రం వదిలేయండి. పదును పట్టేకొద్దీ అంచు ఆ గుంట దాకా వెళ్తుంది, అక్కడ నొక్కు పడుతుంది. కమ్మరి చేత లారీ కమాను పట్టాతో కొట్టించుకున్న ఉలి కూడా బాగుంటుంది. అంచు దగ్గర ఆకురాయితో మెల్లగా గీరి చూడండి. ఆకురాయి జారిపోతే ఉలి గట్టిగా ఉన్నట్టు, సులువుగా కొరికితే మెత్తబడినట్టు.

పదునుకు ఏం కావాలి?

మన వైపు చేతికందే వస్తువు ఒకటుంది: పాలిష్ చేసిన నల్ల కడప బండ. బండల కొట్లో మిగులు ముక్కల్లోంచి అడుగు పొడవు, నాలుగంగుళాల వెడల్పు ముక్క ఒకటి ఏరుకోండి. దాని మీద నేరుగా ఉలి రుద్దితే లాభం లేదు. అది సున్నపురాయి, ఉక్కును అరగదీసేంత గట్టిది కాదు. తాడిపత్రి, బేతంచెర్ల బండలదీ అదే సంగతి. దాని మీద వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, ఆ పేపరుతో పదును పట్టాలి. మెరుపు చూసి బండ చదునుగా ఉందనుకోవద్దు. స్కేలును నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి మూలలకు పెట్టి చూడండి. ఎక్కడైనా వెలుతురు దూరితే అది వదిలేసి, అద్దాల కొట్లో 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం గాజు ముక్క తీసుకోండి.

వాటర్ పేపర్ 220, 400, 800, 1500 నంబర్లలో రెండేసి షీట్లు పెయింటు కొట్లో దొరుకుతాయి. బండను తడిపి పేపరు పరిస్తే అదే అతుక్కుంటుంది. చివరి మెరుగుకు చెక్క మీద అతికించిన పాత తోలు బెల్టు ముక్క, దానికి పూయడానికి ఆకుపచ్చ పాలిష్ కడ్డీ కావాలి. ఉలిని బిగించి దొర్లించే చిన్న చక్రం గైడు కూడా కొనుక్కోండి. చేయి కుదిరేదాకా కోణం తప్పకుండా అదే కాపాడుతుంది.

నూనె రాయి వాడేవాళ్లకు ఒక మాట. ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె పోయవద్దు. అది ఆరి జిగురుగా మారి రాయి రంధ్రాలు మూసేస్తుంది, తర్వాత ఉలి జారుతుందే తప్ప అరగదు. కుట్టుమిషను నూనె వాడండి.

మొదట వీపు

అంచు అంటే రెండు తలాలు కలిసే గీత. వీపు గరుకుగా ఉంటే వాలు ఎంత నునుపు చేసినా ఆ గీత గరుకుగానే ఉంటుంది. ఈ పని ఉలికి ఒక్కసారి చేస్తే చాలు, కానీ దాటవేయకూడదు.

అంచు నుంచి అంగుళం మేర వీపు మీద మార్కర్ పెన్నుతో నల్లగా గీయండి. 220 పేపరు మీద ఆ అంగుళాన్నే ఆనించి, రెండు వేళ్లతో గట్టిగా అదిమి ముందుకూ వెనక్కూ రుద్దండి. పిడిని కాస్త కూడా పైకెత్తవద్దు. ఎత్తితే అంచు దగ్గర వీపు గుండ్రంగా అరిగిపోతుంది, దాన్ని సరిచేయాలంటే ఉలి పొట్టి కావాల్సిందే. పది పన్నెండు సార్లు రుద్ది తిప్పి చూస్తే మార్కరు ఎక్కడ పోలేదో అక్కడ గుంట ఉన్నట్టు. అంచు పొడవునా, రెండు మూలలతో సహా, నలుపు పోయేదాకా ఆగవద్దు. తర్వాత 400, 800, 1500. ప్రతిసారీ ముందు పేపరు గీతలు పూర్తిగా పోవాలి. పేపరు మార్చేటప్పుడు ఉలిని కడగండి, లేకపోతే పాత గరుకు రవ్వలు కొత్త పేపరు మీద మళ్లీ గీతలు పెడతాయి.

తర్వాత వాలు

మామూలు పనికి 25 డిగ్రీల వాలు, దాని కొసన 30 డిగ్రీల సన్నటి రెండో వాలు సరిపోతాయి. 25 డిగ్రీలంటే వాలు పొడవు ఉలి మందానికి రెండింతల కన్నా కాస్త ఎక్కువ: 4 మిల్లీమీటర్ల మందం ఉలికి సుమారు 9.5 మిల్లీమీటర్లు. పక్కల నుంచి బిగించే మామూలు గైడులో ఉలి 40 మిల్లీమీటర్లు బయటికి ఉంటే 25 డిగ్రీలు, 30 మిల్లీమీటర్లు ఉంటే 30 డిగ్రీలు వస్తాయి. చిత్రిక బ్లేడుకు ఈ కొలతలు 50, 38.

220 పేపరు మీద 25 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. ఉలిని మీ వైపు లాగేటప్పుడే అదమాలి. ముందుకు తోస్తే అంచు పేపరును చీల్చేస్తుంది. కాసేపటికి వీపు వైపు వేలి కొసను అంచు బయటికి జరిపి చూస్తే, గోటికి తట్టేంత సన్నటి ఉక్కు రేకు తగులుతుంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆ రేకు తగిలిందంటే వాలు అంచును చేరినట్టు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం ఇదే: రేకు రాకముందే సన్న పేపరుకు వెళ్లిపోతారు.

ఇప్పుడు గైడును 30 డిగ్రీలకు మార్చి 400 మీద పది లాగులు, 800 మీద పది, 1500 మీద పది. అంచు వెంట వెంట్రుకంత మెరిసే గీత కనిపిస్తుంది. ఆ తర్వాత గైడు తీసేసి, 1500 పేపరు మీద వీపును పూర్తిగా ఆనించి రెండు మూడు సార్లు లాగితే రేకు తెగిపోతుంది. చివరగా తోలు మీద వాలు వైపు పదిహేను, వీపు వైపు ఐదు లాగులు, ఎప్పుడూ వెనక్కే.

పదును చూడడానికి బొటనవేలు వాడవద్దు. ఉలి అంచును దీపం వైపు తిప్పి ఎదురుగా చూడండి. మొండి అంచు తెల్లటి దారంలా మెరుస్తుంది. పదునెక్కిన అంచు కనిపించదు, వెలుతురు నిలవడానికి దానికి వెడల్పే ఉండదు. ఒక చోట చుక్కలా మెరిస్తే అక్కడ నొక్కు ఉన్నట్టు. ఆ తర్వాత ప్యాకింగు పెట్టెల మెత్తటి పైన్ చెక్కను అడ్డంగా కోసిన ముఖం మీద ఉలిని చేత్తోనే తోయండి. కోసిన చోటు నిగనిగలాడితే చాలు. పొడిపొడిగా, తెల్లగా చిరిగితే మళ్లీ 800 దగ్గరికి వెళ్లండి.

వీధుల్లో తిరిగే సైకిలు సానకు గానీ, వేగంగా తిరిగే గ్రైండరుకు గానీ ఉలిని ఇచ్చేటప్పుడు జాగ్రత్త. అంచు సుమారు 300 డిగ్రీల వేడెక్కితే నీలం రంగు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ నీలం భాగమంతా అరగదీసి తీసేయాలి. పెద్ద నొక్కు పోగొట్టడానికి తప్ప గ్రైండరు అక్కర్లేదు. అప్పుడైనా రెండు మూడు క్షణాలకోసారి నీళ్లలో ముంచండి.

చిత్రిక

బ్లేడుకు పదును పట్టే తీరు ఇదే. రెండు మూలల దగ్గర మాత్రం కొన్ని లాగులు ఎక్కువ వేసి కొద్దిగా గుండ్రం చేయండి, లేకపోతే చెక్క మీద చారలు పడతాయి. బ్లేడు మీద బిగించే మూత రేకు అంచుకు ఒక మిల్లీమీటరు వెనక ఉండాలి. వేపలాంటి చెక్కలో వాటం, అంటే నార గీతలు పోయే దిక్కు, అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి అర మిల్లీమీటరుకు దగ్గర చేయండి. చెక్క పక్క ముఖం చూసి, గీతలు మీకు దూరంగా పోతూ పైకి లేచే దిక్కుకు తోయాలి. ఎదురు వాటంలో పడితే చెక్క లేచి గుంటలు పడుతుంది. మొదట్లో బరువు ముందు పిడి మీద, చివర్లో వెనక పిడి మీద ఉంచితే కొసలు కుంగవు.

ఉలితో బెజ్జం, గాడి

గీతను పెన్సిలుతో కాదు, కత్తితో గీయండి. ఉలి వాలు ఆప్పులా (సందులో బిగించే ఏటవాలు ముక్కలా) పనిచేసి, కొట్టినప్పుడల్లా ఉలిని వెనక్కి నెడుతుంది. అందుకే మొదటి దెబ్బ గీత మీద పెడితే గీత దాటిపోతుంది, బెజ్జంలో దూర్చే కుసి వదులవుతుంది. గీతకు రెండు మిల్లీమీటర్లు లోపల మొదలుపెట్టి, దెబ్బకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున తవ్వి, చివర్లో మిగిలిన అంచును చేత్తోనే కోయండి. ఆరపార బెజ్జాన్ని రెండు వైపుల నుంచీ సగం సగం తవ్వాలి. ఒకే వైపు నుంచి వెళ్తే అవతలి ముఖం చీలి ఊడుతుంది. ఉలి ముందు చేయి ఎప్పుడూ ఉండకూడదు. చెక్కను బిగించి, రెండు చేతులూ అంచు వెనకే ఉంచండి.

తుమ్మ, పాత చింత చెక్కల మీద అంచు చిట్లితే రెండో వాలును 35 డిగ్రీలు చేయండి. టేకులో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఉంటుంది కాబట్టి అంచు త్వరగా అరుగుతుంది, మధ్యమధ్యలో తోలు మీద లాగుతుండాలి. పాత తలుపుల చెక్క అయితే ముందు అయస్కాంతంతో తడిమి మేకులు ఏరేయండి. పచ్చి తుమ్మను కోసిన ఉలిని వెంటనే తుడిచి నూనె రాయాలి, దానిలోని వగరు ఇనుముతో కలిసి చెక్కనూ ఉలినీ నల్లగా చేస్తుంది. ఎర్రచందనం ముక్క ఎవరు చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. అనుమతి పత్రం లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

అనంతపురం, కడప ఎండలకు మార్చి దాటగానే పిడులు ఎండి సుత్తి తలలు వదులవుతాయి. వాటిని రాత్రంతా నీళ్లలో నానేస్తే తెల్లారేసరికి బిగుసుకుంటాయి గానీ, ఆరాక ముందుకన్నా ఎక్కువ వదులవుతాయి. ఉబ్బిన చెక్క ఇనుప కంత అంచులకు నలిగిపోవడమే కారణం. తల ఊడదీసి పిడిని బాగా ఎండనిచ్చి, మళ్లీ తొడిగి, పిడి కొసన రంపంతో వేసిన చీలికలో ఎండిన తుమ్మ ఆప్పు దిగ్గొట్టండి.