రూట్ కెనాల్ చికిత్స: నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి

చల్లని నీళ్లు తాగగానే పన్ను జివ్వుమని లాగి, గ్లాసు కింద పెట్టేసరికి సర్దుకుంటే పుచ్చు ఇంకా లోపలి దాకా పోలేదని, మామూలు ఫిల్లింగుతో సరిపోవచ్చని ఆశ పెట్టుకోవచ్చు. అదే బాధ 30 సెకన్లు దాటినా వదలకపోతే, వేడి కాఫీకి రేగుతుంటే, పడుకోగానే ఎక్కువై నిద్ర పట్టనివ్వకపోతే మాత్రం పన్ను లోపలి గుజ్జు కోలుకోలేనంతగా వాచిందని అనుమానించాలి. వాడుకలో దీన్నే నరం అంటాము కానీ అందులో రక్తనాళాలు కూడా ఉంటాయి. చుట్టూ గట్టి గోడలు ఉన్నందువల్ల వాపు విస్తరించడానికి చోటుండదు, నొప్పి అంత తీవ్రంగా ఉండటానికి అదొక ముఖ్య కారణం.

ఆ నొప్పి కొన్ని రోజులకు దానంతటదే ఆగిపోవచ్చు. గుజ్జు చచ్చిపోతే బాధను తెలిపే నరమూ పోతుంది. సూక్ష్మజీవుల ప్రభావం మాత్రం వేరు కొన దాటి, అక్కడి దవడ ఎముక కరగడం మొదలవుతుంది. నెలల తరువాత చిగురు మీద చిన్న చీము పొక్కుగానో, నమిలితే కలుక్కుమనే నొప్పిగానో అది బయటపడుతుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగితే వాపు తగ్గవచ్చు కానీ, రక్తప్రసరణ నిలిచిపోయిన గుజ్జులోకి మందు చేరదు కనుక జబ్బు మూలం అక్కడే ఉండిపోతుంది. లవంగ నూనె కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. వాచిన బుగ్గకు వేడి కాపడం పెట్టకూడదు. వాపు కంటి వైపుకో మెడలోకో పాకుతున్నా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక రూట్ కెనాల్ చికిత్స, అంటే పాడైన గుజ్జును తీసేసి, వేర్లలోని సన్నని కాలువలను శుభ్రం చేసి మూసివేయడం. ముందుగా ఎక్స్‌రే తీసి, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. బాగా వాచిన కింది దవడ పన్నుకు ఒక్కోసారి మత్తు సరిగా పట్టదు. అప్పుడు పళ్లు బిగించి ఓర్చుకోనక్కరలేదు, చెయ్యెత్తితే డాక్టరు ఆపి మళ్లీ మత్తు ఇస్తారు. మధుమేహం, గర్భం, రక్తం పలుచబడే మందుల సంగతి ముందే చెప్పాలి గానీ ఆ మందులను సొంతంగా మానేయకూడదు. తరువాత ఆ పన్ను ఒక్కటే పైకి కనబడేలా పలుచని రబ్బరు షీటు బిగిస్తారు. నోటికి అడ్డంగా ఉంటుందని కొందరు వద్దంటారు కానీ, లాలాజలం పన్నులోకి, మందులూ సన్నని పరికరాలూ గొంతులోకి పోకుండా కాపాడేది అదే. పన్ను పైభాగంలో రంధ్రం చేసి, వేరు కాలువల పొడవు కొలిచి, ఫైళ్లు అనే సన్నని సూదుల వంటి పరికరాలతో లోపల గోకి, సూక్ష్మజీవులను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో పలుమార్లు కడుగుతారు. ముందు పళ్లకు సాధారణంగా ఒకే కాలువ ఉంటుంది, దవడ పళ్లకు 3 లేదా 4. పై దవడ పన్నులో నాలుగోది చాలా సన్నగా ఉండి కంటికి చిక్కదు; అది మిగిలిపోతే చికిత్స విఫలం కావచ్చు. కనుక డాక్టరు ఎక్కువ సేపు వెతుకుతుంటే విసుక్కోకండి. శుభ్రమైన కాలువలను గట్టా పెర్చా అనే, చెట్టు పాల నుంచి తీసే, రబ్బరు వంటి పదార్థంతో మూసివేస్తారు.

ఇదంతా ఒక్క సిట్టింగులో అయిపోవచ్చు, లేదా చీము ఉంటే మధ్యలో మందు పెట్టి 2, 3 సార్లు రమ్మనవచ్చు. మొదటి సిట్టింగుకే నొప్పి పోతుంది, మనిషి మళ్లీ ఆ వైపు వెళ్లడు! తాత్కాలిక ఫిల్లింగు అరిగిపోయి లాలాజలం లోపలికి దిగితే చేసిన పని అంతా వృథా.

విశాఖ పరిసరాలలో రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలల వంటి బోధనాసుపత్రులలో సాధారణంగా ఖర్చు తక్కువ, తిరగవలసిన రోజులు ఎక్కువ. ఎక్కడికి వెళ్లినా చెప్పిన మొత్తంలో క్యాప్ (చివర పన్ను మీద వేసే తొడుగు) ధర కలిసి ఉందో లేదో ముందే అడగండి, ఎందుకంటే చాలామంది డబ్బు చాలక ఆగిపోయేది అక్కడే.

మత్తు పూర్తిగా దిగేదాకా ఏమీ నమలకండి, తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. రెండు మూడు రోజులు సలుపు సహజం. పెరుగన్నం, ఇడ్లీ వంటివి రెండో వైపు నమలాలి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నులో చాలా భాగం పుచ్చుకూ రంధ్రానికీ పోయి ఉంటుంది కనుక కొద్ది వారాలలోనే క్యాప్ వేయించాలి. అందాకా ఆర్కే బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు జోలికి పోకపోవడం మంచిది: పన్ను వేరు దాకా నిలువుగా చీలితే చాలా వరకు పీకించడమే మిగులుతుంది. పై పన్నుకు ఇలా చేయిస్తే కంటిచూపు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

క్యాప్ అంచున మళ్లీ పుచ్చు పట్టవచ్చు కనుక అక్కడ జాగ్రత్తగా తోమాలి. వేరు కొన దగ్గర కరిగిన ఎముక నింపాదిగా, నెలల తరబడి పూడుతుంది. మొదటి ఎక్స్‌రేను దాచి ఉంచుకుని, 6 నెలలకో ఏడాదికో డాక్టరు కొత్తది తీసినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి.