పొట్టి గుర్రానికి అడ్డకర్రలు: మా దొడ్లో కట్టిన తీరు

మా బంగారి మినియేచర్ గుర్రం, ఎత్తు 32 అంగుళాలు. దూకించేటప్పుడు దానిపై ఎవరూ ఎక్కరు. పగ్గం పట్టుకొని పక్కనే మనమూ పరుగెత్తాలి. అందుకని కట్టే అడ్డంకి తేలికగా ఉండాలి, తగిలితే పడిపోవాలి.

మూడడుగుల సరుగుడు బాదులు రెండు తీసుకోండి. ఒక్కోదాని అడుగున రెండడుగుల చెక్కలను ప్లస్ గుర్తులా బిగించండి. ఆరు అంగుళాల ఎత్తు నుంచి మూడేసి అంగుళాలకు ఒక రంధ్రం పెట్టి, నున్నని కర్ర మేకు దూర్చండి. దానిపై ఆరడుగుల పీవీసీ పైపును ఊరికే ఆనించాలి. తీగతో కట్టడం మాత్రం వద్దు. గుర్రం కాలు తగిలినా పైపు కదలకపోతే గుర్రమే బోల్తా పడుతుంది.

రంగు విషయంలో నేను మొదట ఎరుపు వేసి పొరపడ్డాను. గుర్రాలకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. పచ్చగడ్డిలో అది కలిసిపోయింది. తెలుపు, నీలం పట్టీలు వేశాక తల ఎత్తి చూడటం మొదలుపెట్టింది. అడ్డకర్ర ముందు నేలపై ఇంకో కర్ర పెడితే దూరం అంచనా వేసుకుంటుంది.

కింద ఖాళీ నింపడానికి గుంటూరు యార్డు నుంచి తెచ్చిన ఖాళీ మిర్చి టిక్కీలు (గోనె బస్తాలు) వేలాడదీశాను. బంగారి రెండడుగుల దూరంలో ఆగి వరుసగా తుమ్మింది, నేనూ తుమ్మాను! ఇప్పుడు బియ్యం గోనెలే వాడుతున్నాను.

మూడేళ్లు నిండని గుర్రపు పిల్లను దూకించకండి, ఎముకలు ముదరవు. మన ఎండలకు ఉదయం ఏడు లోపే ముగించండి.