పాత మిలిటరీ బండి మన చేతులతో, 4వ పాఠం: సెల్ఫు 6 ఓల్టులా, 12 ఓల్టులా?

పోయిన పాఠంలో కార్బ్యురేటర్ విప్పి కడుక్కున్నాం. ఈసారి సెల్ఫు, అంటే ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు. ట్రక్కుల పాఠంలో జీపు ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి చెప్తున్నా, అమెరికా సైన్యం కాగితాల్లో విల్లీస్ ఎంబీ జీపు కూడా ట్రక్కే, పావు టన్ను ట్రక్కు. 1941 నుంచి 1945 దాకా తయారైన ఆ బళ్లకి 6 ఓల్టుల కరెంటు, కాలితో తొక్కే స్విచ్, బెండెక్స్ ఉన్న సెల్ఫు. బెండెక్స్ అంటే సెల్ఫు తిరగగానే పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని ముందుకి తోసి ఇంజన్ చక్రం పళ్లకి తగిలించే మర. మా ఇంట్లో ఉన్నది అదే.

విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే, స్విచ్ తొక్కగానే "ఊ... ఊ..." అని ఆగిపోవడం చూసి, "సెల్ఫు పోయింది బాబూ, పన్నెండుకి మార్చేద్దాం" అన్నాడు. మీకూ ఇదే మాట చెప్తారు. వెంటనే ఒప్పుకోకండి. ముందు కొలవండి.

కాయిల్ వైరు పీకేయండి, ఇంజన్ స్టార్ట్ కాకుండా. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ గుండు మీద (క్లాంపు మీద కాదు, సీసం గుండు మీదే), రెండో కొన సెల్ఫుకి కేబుల్ బిగించే బోల్టు మీద పెట్టి, ఇంకొకర్ని స్విచ్ తొక్కమనండి. అర ఓల్టు కంటే ఎక్కువ చూపిస్తే కరెంటు బలం దారిలోనే వృథా అవుతోంది. ఇప్పుడు బ్యాటరీ మైనస్ గుండుకీ సెల్ఫు బాడీకీ మధ్య అలాగే చూడండి. ఈ ఎర్త్ వైపు (మైనస్‌ని బండి బాడీకి కలిపే దారి) ఎవరూ చూడరు, తప్పు సగంసార్లు అక్కడే ఉంటుంది. మాది కళింగపట్నంలో ఏళ్ల తరబడి ఉప్పుగాలికి నిలబడ్డ బండి, ఎర్త్ పట్టీ కింద పచ్చటి చిలుము పట్టి ఉంది.

లెక్క చూడండి. ఒకే బలానికి 6 ఓల్టుల్లో 200 ఆంపియర్లు లాగితే 12లో 100 చాలు. తీగకీ జాయింట్లకీ కలిపి 0.005 ఓమ్ అడ్డం ఉందనుకుందాం. ఆరులో 1 ఓల్టు పోతుంది, అంటే ఆరో వంతు. పన్నెండులో అర ఓల్టు, ఇరవైనాలుగో వంతు. అందుకే 6 ఓల్టుల బండికి మామూలు కారు కేబుల్ వేస్తే సెల్ఫు ఏడుస్తుంది. లావు కేబుల్ వేసి, టెర్మినళ్లు గీకి, ఎర్త్ కింద రంగు గోకి బిగించాక కూడా నీరసంగా తిరిగితే, అప్పుడు సెల్ఫు దించండి. దించే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, ఉంగరం ఉంటే అదీ తీసేయండి.

విప్పాక మొదట ఆర్మేచర్‌ని (సెల్ఫు లోపల తిరిగే భాగం) వెలుతురులో తిప్పి చూడండి. ఒకపక్క వెండిలా మెరిసే గీత కనిపిస్తే, బుష్‌లు (ఆర్మేచర్ కొసలు తిరిగే లోహపు గొట్టాలు) అరిగి ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ ముక్కలకి రాసుకుంటోందన్నమాట. కొత్త బుష్‌లు రాత్రంతా ఇంజనాయిల్లో నానబెట్టి వేస్తే సగం జబ్బు పోతుంది. ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్లు సగానికి అరిగితే మార్చండి. కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి భాగం) మీద ఎమెరీ కాగితం వద్దు, దాని పొడి ఇరుక్కుని షార్ట్ చేస్తుంది, సన్న గాజు కాగితం చాలు. బెండెక్స్‌ని కిరసనాయిల్లో కడిగి పొడిగానే ఉంచండి. నూనె పూస్తే మన రోడ్ల దుమ్మంతా అతుక్కుని, పినియన్ మరలో ముందుకి పోదు. ఇంకో మాట, సెల్ఫు ఎదురు దిశలో తిరుగుతోందని బ్యాటరీ తీగలు తారుమారు చెయ్యకండి, ఇది సీరీస్ మోటారు (ఫీల్డూ ఆర్మేచరూ ఒకే వరసలో ఉన్నది), ప్లస్ మైనస్ మార్చినా అటే తిరుగుతుంది.

ఇక పన్నెండుకి మార్చాలనుకునేవాళ్లకి. 6 ఓల్టుల సెల్ఫుకే 12 ఓల్టులిచ్చి నడిపేవాళ్లున్నారు. నడుస్తుంది కూడా. కానీ పినియన్ రింగుని (ఇంజన్ వెనక ఫ్లైవీల్ అనే బరువు చక్రం చుట్టూ ఉండే పళ్ల చుట్టు) సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, బెండెక్స్ స్ప్రింగు విరుగుతుంది, పళ్లు లేస్తాయి. మూడు నాలుగు సెకన్లకి మించి తొక్కకుండా జాగ్రత్తపడే మనిషికైతే సరే, ఇంట్లో అందరూ నడిపే బండికి వద్దు.

12 ఓల్టుల సెల్ఫు కొనేముందు రింగు పళ్లు లెక్కపెట్టండి. ఇది నేను చెయ్యలేదు. సాలూరు లారీల తుక్కులో ఒక జీపు సెల్ఫు దొరికితే, బోల్టు రంధ్రాలు సరిపోయాయి కదా అని తెచ్చి బిగించేశా. తొక్కగానే "గర్ర్ర్" అన్న చప్పుడికి బావమరిది చెవులు మూసుకున్నాడు. ఎంబీ రింగుకి 97 పళ్లు, తర్వాతి విల్లీస్‌లకి 124, 12 ఓల్టుల వాటికి 129. పళ్ల సైజే వేరు. పోనీ 124 పళ్ల ఫ్లైవీల్ వేద్దామా అంటే పాత బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ని కప్పి ఉండే డొప్ప) లోపల గ్రైండింగ్ చేస్తేగానీ పట్టదు.

లెక్కపెట్టడం ఎలాగంటే, ప్లగ్గులన్నీ విప్పండి, సెల్ఫు రంధ్రంలోంచి కనిపించే ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి, ఒకరు ముందు హ్యాండిల్ మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు ఒక్కో పన్నూ లెక్కపెట్టాలి. మా బావమరిది అరవై దగ్గర "ఏటి బావా, ఎంతైంది?" అని నన్నే అడిగాడు. మళ్లీ మొదలుపెట్టాం. పదేసి పళ్లకి ఒక గుర్తు పెట్టుకోండి, గొడవుండదు.

లెక్కపెడుతున్నప్పుడే అరిగిన పళ్లు చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా దాదాపు రెండే చోట్ల ఆగుతుంది, అందుకే రింగు ఎదురెదురుగా రెండు చోట్లే ఎక్కువ అరుగుతుంది. కొత్త రింగు దొరక్కపోతే, పాతదాన్ని వేడిచేసి వదులు చేసి పావు చుట్టు తిప్పి ఎక్కిస్తే మంచి పళ్లు ఆ చోటికి వస్తాయి. ఈ పని మాత్రం లేత్ షాపుకి ఇవ్వండి.

మాది చివరికి ఆరులోనే ఉంచేశా. లావు కేబుళ్లు, కొత్త బుష్‌లు, కార్బన్లు, అంతే. సిరిమాను పండగ నాటికి ఒక్క తొక్కుకే అందుకుంది. మీరు పన్నెండే అనుకుంటే కాయిల్, బల్బులు, హారన్, డైనమో అన్నీ మారాలి, వాటి సంగతి 5వ పాఠంలో. అప్పటికి మీ బండి పళ్లు లెక్కపెట్టి సంఖ్య రాసిపెట్టుకోండి.