ఉస్తరాతో గడ్డం – 3వ పాఠం: ముందు చెంపలే

పోయిన పాఠంలో ఉస్తరాను, అంటే మంగలి మడత కత్తిని, తోలు పట్టా మీద వెన్ను ముందుండేలా నడిపి పదును సరిచేయడం చూశాం. ఈసారి ముఖం మీదికి వద్దాం. మొత్తం ముఖం కాదు, రెండు చెంపలు మాత్రమే. గదువ, మెడ, మీసం కట్టు మామూలు రేజరుతోనే కానివ్వండి. చెంప వెడల్పుగా, చదునుగా ఉంటుంది. చెయ్యి కుదరడానికి అంతకంటే మంచి చోటు లేదు.

తీరిక ఉన్న రోజే మొదలుపెట్టండి. మంగళవారం సెలూన్లు బంద్ కదా, ఇంట్లోనే కానిద్దాం అనుకుంటే పెద్దవాళ్లతో మాట పడాల్సి వస్తుంది, మీ ఇష్టం.

ముందు నీళ్ల సంగతి. దేవరకొండ వైపు గానీ, పాలమూరు వైపు గానీ బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్‌కు తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లు గడ్డానికి పనికిరావు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి తప్ప నురగ రానివ్వవు. తాగే నీళ్ల క్యాన్‌లోంచి ఒక గ్లాసుడు వేడి చేసుకుంటే సరిపోతుంది. స్నానం అయ్యాక, వెంట్రుకలు మెత్తబడి ఉన్నప్పుడే బ్రష్‌తో నురగ పట్టించండి. అది గట్టిగా నిలబడక్కర్లేదు, తడిగా, జారుగా ఉండాలి.

ఇప్పుడు కత్తి. పిడిని పైకి తెరిచి, పదునుకూ పిడికీ మధ్య ఉండే కాడను కింద బొటనవేలితో, పైన మూడు వేళ్లతో పట్టుకోండి. చిటికెన వేలు కాడ చివరి తోక మీద ఉంటుంది. పిడికిలి బిగించవద్దు.

చాలామంది కత్తి పట్టిన చేతి గురించే టెన్షన్ పడతారు. అసలు పని రెండో చేతిది. కుడి చెంప గీసేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి, చెవి ముందు చర్మాన్ని పైకి లాగి పట్టండి. చర్మం బిగుసుకుంటే వెంట్రుకలు నిలబడతాయి, కత్తి సాఫీగా జారుతుంది. వదులుగా ఉంటే మడత పడుతుంది, గాటు పడేది అక్కడే. వేళ్లకు నురగ అంటి జారుతుంటే తువ్వాలతో తుడుచుకుని మళ్లీ పట్టండి. కత్తి ఆనించకముందే ఈ లాగడం అద్దం ముందు ఉత్త చేతులతో అలవాటు చేసుకోండి.

కత్తిని ముందు చెంపకు బల్లపరుపుగా ఆనించి, వెన్నును కొంచెం ఎత్తండి. 30 డిగ్రీల దగ్గర ఆగండి. మరీ ఎత్తితే గీరుకుపోతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను కొయ్యకుండా లాగుతుంది. చెవి దగ్గర నుంచి కిందికి, వెంట్రుక వాలు వెంటే, ఒక్కో అంగుళం చొప్పున పోనివ్వండి. నొక్కవద్దు, కత్తి బరువు చాలు. అంచు పొడవునా పక్కకు జరపడం మాత్రం ఎప్పుడూ వద్దు, చాకుతో కూరగాయ తెగేది ఆ కదలికతోనే. వాలుకు ఎదురుగా గీయడం ఈ పాఠంలో లేదు.

లాగుతున్నట్టు అనిపిస్తే కోణం చూసుకోండి. అప్పటికీ లాగితే ఆపి, మళ్లీ పట్టా మీదికి వెళ్లండి. ఎడమ చెంపకు చెయ్యి మార్చడమే నయం. మొదట ఇబ్బందిగా ఉంటుంది కానీ అలవాటవుతుంది. కత్తి చేజారితే పట్టుకోబోవద్దు, పడనివ్వండి. కరెంటు పోతే చీకట్లో పూర్తి చేయాలని చూడవద్దు.

చల్లటి నీళ్లతో కడుక్కుని తడి పటిక రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కారన్నమాట. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ టెక్నిక్’లో సున్నంతో పాటు కలిపేదీ పటిక జాతిదే, మన జిల్లాకు దానితో పాత చుట్టరికం.

కత్తి కార్బన్ స్టీల్‌దైతే తుప్పుకు తొందర ఎక్కువ. కడిగి, పిడి సందులో కూడా తడి లేకుండా మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి తుడవండి. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి బాత్రూమ్ బయట, పిల్లలకు అందని చోట పెట్టండి. మరుసటిసారికి ముందు ఆ నూనె తుడిచి పట్టా మీద ఆడించాలి. రెండు చెంపలూ గాట్లు లేకుండా వస్తున్నాయంటే 4వ పాఠానికి రండి, అక్కడ గదువ సంగతి చూద్దాం.