కాగితపు క్రిస్మస్ నక్షత్రాన్ని ఇంట్లోనే తయారు చేయడం ఎలా?

డిసెంబరు వచ్చిందంటే తెలుగు క్రైస్తవుల ఇళ్ల ముందు, చర్చిల మీద నక్షత్రాలు వెలుగుతాయి. తూర్పు దేశపు జ్ఞానులను బాలయేసు వద్దకు నడిపించినట్లు మత్తయి సువార్త 2వ అధ్యాయం చెప్పే నక్షత్రానికి అవి గుర్తు. మడత విప్పి తగిలించే అట్ట నక్షత్రాలు బజారులో ఎన్ని దొరికినా, వెదురు బద్దలతో కట్టి పల్చని కాగితం అతికించిన నక్షత్రంలోంచి వచ్చే మెత్తని వెలుగు వాటికి రాదు. దీని తయారీలో అసలు పనితనమంతా చట్రం కట్టడంలోనే ఉంది.

ముందుగా మేదరుల దగ్గర సన్నగా చీల్చిన వెదురు బద్దలు తీసుకుని, 90 సెంటీమీటర్ల పొడవున 10 బద్దలు, 15 సెంటీమీటర్ల పొడవున 5 గట్టి పుల్లలు కోసుకోవాలి. పేళ్లు గుచ్చుకోకుండా అంచులను గరుకు కాగితంతో రుద్దాలి. ప్రతి బద్దకూ రెండు కొసల నుంచి 34 సెంటీమీటర్ల దూరంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు 5 బద్దలను నేల మీద పరిచి, కలం ఎత్తకుండా నక్షత్రం గీసినట్లే కొసకు కొస కలుపుతూ పురికొసతో కట్టాలి. ఒక్కో బద్ద ఒకచోట రెండో దాని మీదుగా, మరోచోట కింది నుంచి పోవాలి. బద్దలు దాటుకునే చోటల్లా రెండింటి గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడితే నక్షత్రం సమంగా వచ్చినట్లే; పడకపోతే ముడులు బిగించక ముందే సర్దుకోవాలి. ఇలాంటి నక్షత్రాలు రెండు సిద్ధమయ్యాక, ఒకదానిపై ఒకటి పెట్టి 5 కొసలను జతగా కట్టాలి. ఆ తరువాత బద్దలు దాటుకునే 5 చోట్ల రెండింటి నడుమ పొట్టి పుల్లలను నిలబెట్టి కట్టేస్తే చట్రం ఉబ్బి, లోపల దీపానికి చోటు ఏర్పడుతుంది. పుల్లల చివర్లలో చిన్న గాడి చెక్కితే అవి జారవు.

అతికించడానికి మైదా బంక చాలు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా కలియబెట్టి చల్లార్చాలి.

గాలిపటాలకు వాడే పల్చని కాగితం దీనికి బాగా నప్పుతుంది. ముదురు రంగులు వెలుగును మింగేస్తాయి కాబట్టి తెలుపు, పసుపు, లేత ఎరుపు మేలని నా అభిప్రాయం. చట్రాన్నే కాగితం మీద ఆనించి గీసుకుని, చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి కత్తిరించాలి. మొదట పక్కల ఉండే 10 త్రిభుజాలను, తరువాత ముందు వెనుకల భాగాలను అతికించాలి. వెనుకవైపు నడిమి పంచభుజిని మాత్రం దీపం కోసం తెరిచి ఉంచాలి. బంకకు తడిసి సాగిన కాగితం ఆరేటప్పుడు మళ్లీ బిగుసుకుంటుంది. అందువల్ల దాన్ని లాగి అతికిస్తే ఆరాక చిరిగిపోతుంది. కింది రెండు కొసలకు కాగితపు కుచ్చులు కట్టడం మీ ఇష్టం.

దీపానికి 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సరిపోతుంది. పాత తీగ బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదముంది. బల్బు కాగితానికి తగలకుండా నడిమధ్యన ఉండేలా హోల్డరును చట్రానికి కట్టాలి. వైరు అతుకులకు ఇన్సులేషన్ టేపు చుట్టి, ప్లగ్గును వాన పడని చోట పెట్టాలి.

మంచుకు కాగితం మెత్తబడి జారుతుంది గనుక నక్షత్రాన్ని డాబా మీద కన్నా వసారా చూరు కింద వేలాడదీయడం మంచిది. గాలికి గిరగిర తిరగకుండా కింది కొసలను కూడా దారంతో స్తంభానికి కట్టాలి. పండుగలు ముగిశాక కాగితం ఒలిచేసి చట్రాన్ని అటక మీద దాచుకుంటే, మరుసటి ఏడాది వదులైన ముడులు బిగించి కొత్త కాగితం అతికిస్తే సరిపోతుంది.